టగాలోగ్ వంటింట్లో, గుజరాతీ మేడమీద

పదహారు రోజులు నా చొక్కా జేబులో రెండు ఫోన్లు మోశాను. ఒకటి నాది. రెండోది మా హైస్కూల్లో పిల్లలకి మధ్యాహ్న భోజనం వండిపెట్టే ఆవిడది. మూల పగిలిన అద్దం, వెనకాల పసుపు మరకలు, ఎంత తుడిచినా వదలని పోపు వాసన. ఆవిడ ఒక మంగళవారం పొద్దున పోయింది. నిద్ర లేవలేదు, అంతే. యాభై అయిదేళ్ళకి అదేం చావు అని ఊళ్ళో అందరూ అన్నారు. అదృష్టవంతురాలు, ఎవరిచేతా చేయించుకోకుండా వెళ్ళిపోయింది అని కూడా ఆ నోళ్ళే అన్నాయి. ఈ రెండో మాటంటే నాకు ఒళ్ళు మంట. పోయినవాళ్ళ అదృష్టం గురించి మనకేం తెలుసని?

నేను సోషల్ మాస్టార్ని. నిడదవోలు పక్క ఊరు మాది. ముప్ఫై ఏళ్ళుగా మ్యాపు మీద బెత్తం ఆనించి ఏ దేశం ఎక్కడుందో చెప్పడమే నా పని. నేను చెప్పింది తప్పని ఎవరైనా అంటే ఊరుకునే రకాన్ని కాదు, మా ఇంట్లో అడిగినా చెబుతారు. ఆవిడ గురించి నాలుగు ముక్కలు రాద్దామని కూర్చుంటే, ముందు నా నోటి దురుసు గురించే రాయాల్సి వస్తోంది. సరే, కానివ్వండి.

ఆవిడ మా బడికి వచ్చిన కొత్తలో నాకు బొత్తిగా గిట్టేది కాదు. కారణం చెబితే నవ్వుతారు. ఏదైనా అడిగితే నోరు విప్పేది కాదు, కనుబొమలు ఎగరేసేది. "అన్నం ఉడికిందా అమ్మా?" అంటే కనుబొమలు పైకి. "గుడ్లొచ్చాయా?" అంటే మళ్ళీ పైకి. మనవైపు అలా ఎగరేస్తే "ఏంటి సంగతి?" అని ఎదురు నిలదీసినట్టు. అంతకంటే ఘోరం ఇంకోటుంది. చెయ్యెత్తి చూపించేది కాదు. "చీపురెక్కడమ్మా?" అంటే మూతి ముందుకు సాచి, ఆ మూతితోనే మూల వైపు చూపించేది. నాకు తిక్కరేగింది. ఒకరోజు స్టాఫ్ రూములో అనేశాను.

"ఏవండీ, ఆ వంటావిడ నన్ను చూసి మూతి తిప్పుతోందండీ. నేనేం చేశానని?"

లెక్కల టీచరు గారు నవ్వారు. "మీకొక్కరికే కాదు లెండి, అందరికీ తిప్పుతుంది. గల్ఫ్ నుంచి వచ్చింది కదండీ."

గల్ఫ్ నుంచి రావడానికీ మూతి తిప్పడానికీ సంబంధమేమిటో నాకు అంతుపట్టలేదు. తర్వాతెప్పుడో ఆవిడే చెప్పింది. మస్కట్‌లో ఒక గుజరాతీవాళ్ళ ఇంట్లో ఆవిడ పదమూడేళ్ళు పనిచేసింది. ఆ ఇంట్లో పిల్లల్ని చూసుకోడానికి ఒక ఫిలిప్పీన్స్ అమ్మాయి ఉండేది. ఆ దేశం వాళ్ళు అవునని చెప్పాలంటే కనుబొమలు ఎగరేస్తారట. ఏదన్నా చూపించాలంటే మూతితో చూపిస్తారట.

"చేతులు ఖాళీ ఉండవు కదండీ మాస్టారూ. ఒక చేతిలో పిల్లాడు, ఇంకో చేతిలో పాలసీసా. మూతొక్కటే ఖాళీ. దాన్ని చూసి చూసి నాకూ అలవాటైపోయింది" అంది. "మీకు కోపమొచ్చిందాండీ?"

"నాకెందుకు కోపం?" అన్నాను, పెద్దమనిషిలాగా.

వంటలోనూ అంతే, ఆవిడ చేతిలో రెండు దేశాలుండేవి. వచ్చిన మొదటి వారమే పప్పులో బెల్లం వేసేసింది. గోదావరి జిల్లాల వాళ్ళం, బెల్లం పడందే పులుసు మన గొంతు దిగదు, నిజమే. అలాగని పప్పులోనా? పిల్లలు రెండో ముద్దకే కంచాలు పక్కన పెట్టేశారు. హెడ్మాస్టారు పిలిపించి అడిగితే నాలిక కరుచుకుంది. "అయ్యో, చెయ్యి దానంతటదే వేసేసిందండి. వాళ్ళు తీపి లేందే పప్పు ముట్టరండి." మర్నాటి నుంచి మన పప్పే వండింది. కానీ పప్పు దించేటప్పుడు ఆవిడ చెయ్యి బెల్లం డబ్బా దాకా వెళ్ళి వెనక్కి రావడం నేను చాలాసార్లు చూశాను. చారు మాత్రం ఎవరూ వంక పెట్టలేరు. ముల్లంగి ముక్కలు, తోటకూర కాడలు వేసి పుల్లగా కాచేది. "ఇది మా చెల్లి దగ్గర నేర్చుకున్నానండి. వాళ్ళూ మనలాగే చింతపండు మనుషులు" అని మురిసిపోయేది. చెల్లి అంటే ఆ ఫిలిప్పీన్స్ అమ్మాయి. ఆవిడ ఆ అమ్మాయిని ఏనాడూ వేరే మాటతో చెప్పలేదు.

గుడ్లు పంచేటప్పుడు ఎక్, బే, త్రణ్, చార్ అని గుజరాతీలో లెక్కపెట్టేది. గిన్నె జారినా, పాలు పొంగినా "ఆయ్ నాకూ!" అనేది, అది ఫిలిప్పీన్స్ వాళ్ళ మాట. మనవైపు మాటకి ముందో ఆయ్, వెనకో ఆయ్ ఉంటుంది కనక పిల్లలకి అదేమీ పరాయి మాటనిపించలేదు. పది రోజుల్లో బడంతా అదే. హోంవర్కు చెయ్యని పిల్ల ఒకతి నా ముందు నెత్తిన చెయ్యి పెట్టుకుని "ఆయ్ నాకూ మాస్టారూ, మర్చిపోయానండి!" అంటే తిట్టాలో నవ్వాలో తెలియక కూర్చోమన్నాను.

ఇక అసలు సంగతి. ఆ ఏడాది క్విజ్ పోటీకి తొమ్మిదో తరగతి పిల్లల్ని తయారుచేస్తున్నాను. భాషలు, అవి మాట్లాడే ప్రాంతాలు. బోర్డు మీద ఒకవైపు భాష రాసి, ఎదురుగా ఖాళీ వదిలాను. గుజరాతీ అనగానే తరగతంతా "గుజరాత్" అని అరిచింది. టగాలోగ్ అంటే ఒక్కరూ నోరెత్తలేదు. ఎందుకు అబద్ధం, ఆ పేరు నేనూ గైడు చూసే రాశాను. సరిగ్గా అప్పుడే ఆవిడ గుమ్మంలోకి వచ్చింది. రోజూ పదిన్నరకి ఒక్కో తరగతికీ వచ్చి, ఎంతమంది తింటారో కనుక్కుని వెళ్ళేది. బోర్డు వంక చూసింది. తెలుగు చదవడం వచ్చు ఆవిడకి.

"టగాలోగ్ వంటింట్లో మాట్లాడతారండి. గుజరాతీ మేడమీదండి" అంది.

తరగతి గొల్లుమంది. నేనూ నవ్వాను. నవ్వి ఊరుకున్నా బాగుండేది. నాకు చప్పట్లు కావాలి కదా.

"చూశార్రా, ఇన్నాళ్ళూ మ్యాపులో రెండు ఖండాలు తక్కువైపోయాయి. ఒకటి వంటిల్లు, ఒకటి మేడ!" అన్నాను. ఆవిడ వైపు తిరిగి, "అమ్మా, ఆ వంటింటి భూగోళం వంటింట్లోనే చెప్పుకోండి. ఇక్కడ నలభై ఇద్దరు. వెళ్ళి ఎసరు పడెయ్యండి" అన్నాను.

పిల్లలు బల్లలు చరిచారు. ఆవిడ కూడా నవ్వింది. కనుబొమలు ఎగరేసి వెళ్ళిపోయింది. నేను బోర్డు మీద ఫిలిప్పీన్స్ అని రాసి, మ్యాపులో చైనాకి కిందగా సముద్రంలో చెల్లాచెదురుగా ఉన్న దీవుల్ని బెత్తంతో చూపించాను. పిల్లలు బుద్ధిగా రాసుకున్నారు.

మూడింటికి వంట పాకలోకి వెళ్ళాను. క్షమించమని అడగడానికి వెళ్ళానంటే నన్నెరిగినవాళ్ళు నమ్మరు. ఏదో గుడ్ల లెక్క వంక పెట్టుకుని వెళ్ళాను. గంగాళాలు తోమి బోర్లించి, చేతులు తుడుచుకుంటోంది.

"రండి మాస్టారూ. జేబులో సుద్దముక్కుందాండీ?" అంది.

ఇచ్చాను. నేల మీద గీతలు గీసింది. అది ఇంటి బొమ్మ. మేడ, మెట్లు, వంటిల్లు, వెనక దొడ్డి, దొడ్డి చుట్టూ గోడ.

"ఇదిగోండి మేడ. పైనంతా గుజరాతీ. సారూ, మేడమూ, ఆయన తల్లి బా. వాళ్ళ తాతల కాలం నుంచి ఆ ఊళ్ళోనే ఉన్నారంట. కొట్టుకెళ్ళినా గుజరాతీయే, వాళ్ళ గుడికెళ్ళినా గుజరాతీయే. అయినా వీధిలో ఒక్క ముక్క వినపడదండి. తలుపేసుకుని మాట్లాడుకునే మాటండి అది. ఇక టగాలోగా, అది గోడలు దూకుతుంది. గోడకి ఇవతల మా చెల్లి, అవతల పక్కింట్లో ఇద్దరు, వెనకింట్లో ఒకత్తి. బట్టలారేస్తూ ఒకటే కబుర్లు. పార్కులో పిల్లల్ని ఉయ్యాలూపేవాళ్ళదీ అదే, ఆసుపత్రిలో సూది పొడిచే నర్సమ్మదీ అదే. వీధంతా వాళ్ళ మాటేనండి, ఏ ఒక్క ఇల్లూ వాళ్ళది కాదు."

ఆవిడకి ఊపొచ్చింది.

"గుజరాతీ వినడానికండి. పాణీ లావ్ అంటే నీళ్ళు పట్టుకుని పరిగెత్తాలి. మనం తిరిగి మాట్లాడే పని లేదు. టగాలోగ్ మాట్లాడ్డానికి. నడుం నొప్పంటే ఎవరితో చెప్పుకుంటాం? పదిహేను రోజుల్లో మాటలు పట్టేశాను, చెప్పుకోకపోతే చచ్చిపోయేదాన్ని. బా మంచాన పడ్డాక మాత్రం గుజరాతీలోనూ మాట్లాడేదాన్ని. ఆవిడ కొడుకుని మర్చిపోయింది, కోడల్ని మర్చిపోయింది. నన్ను మర్చిపోలేదు. దీకరీ అని పిలిచేది. కూతురా అని."

"మరి తెలుగెక్కడమ్మా?" అన్నాను. ఆట పట్టిద్దామనే అన్నాను.

ఆవిడ సుద్దముక్కతో వంటింటి వెనక చిన్న గడి గీసింది.

"బాత్రూం అండి. శుక్రవారం పొద్దున పది నిమిషాలు. ఫోన్లో. మా అమ్మాయితో."

భర్త ముందే పోతే, ఎనిమిదేళ్ళ కూతుర్ని అక్క దగ్గర వదిలి వెళ్ళింది ఆవిడ. ఆ సంగతి ఊళ్ళో నాకూ తెలుసు. ఆ పిల్ల పోయిందనీ తెలుసు. తెలియనిది ఆ రోజు చెప్పింది.

"పన్నెండేళ్ళదండి అప్పటికి. మూడు రోజుల జ్వరం. పదకొండు రోజులు నాకు చెప్పలేదండి. మధ్యలో శుక్రవారం వచ్చింది కదా, ఫోన్ చేశాను. మా అక్క ఎత్తింది. పిల్లేదే అంటే బడికెళ్ళిందంది. దాని పుట్టినరోజుకి పరికిణీ కుట్టిద్దామని అప్పుడే ఆకుపచ్చ గుడ్డ కొన్నాను. నడుం కొలత చెప్పవే అక్కా అన్నాను. చెప్పింది మాస్టారూ. నడుం ఇరవై రెండంది. పొడుగు ముప్ఫై మూడంది. కాస్త పొడుగ్గానే కుట్టించు, ఎదిగే పిల్ల కదా అంది. రాసుకున్నాను. నేనూ మా చెల్లీ కూర్చుని వారం రోజులు చేత్తో కుట్టాం. అంచంతా అదే కుట్టింది."

ఏదో ఒకటి అనాలని, "మీ అక్కనేమీ అడగలేదా అమ్మా?" అన్నాను.

"ఏవని అడుగుతానండీ? నా మంచికే దాచింది. పరాయి దేశంలో ఒక్కత్తినీ ఏమైపోతానో అని. అది ఎంత ఏడ్చుకుంటూ ఆ కొలతలు చెప్పిందో. ప్రేమ కాదని అనగలనా? కానీ మాస్టారూ, ఆ పదకొండు రోజులూ ఊరందరికీ నా కూతురు పోయింది. నా ఒక్కదానికే బతికుంది. అందరూ కలిసి నన్ను పిచ్చిదాన్ని చేశారనిపిస్తుందండి."

తర్వాత ఆవిడ తిరిగి రాలేదు. వచ్చి ఏం చూడాలండీ అంది. ఇంకో తొమ్మిదేళ్ళు అక్కడే ఉండి, బాని సాగనంపి, అప్పుడొచ్చింది. ఆ ఫిలిప్పీన్స్ అమ్మాయి కూడా ఆ ఏడాదే వాళ్ళ దీవికి వెళ్ళిపోయింది.

మర్నాడు తరగతిలో పిల్లలకి చెప్పాలనుకున్నాను, నిన్న ఆవిడ చెప్పిందే నిజమని, నవ్వి తప్పు చేశామని. బోర్డు దగ్గరకి వెళ్ళి నిలబడ్డాను కూడా. నదులు మొదలుపెట్టాను. ఆ పిల్లలు పదో తరగతి దాటి ఎవరి దారిన వాళ్ళు పోయారు. గుజరాతీ గుజరాత్‌లో, టగాలోగ్ ఫిలిప్పీన్స్‌లో అని నేర్చుకునే వెళ్ళారు. క్విజ్‌లో ఆ ప్రశ్న రానే లేదు.

ఆ తర్వాత ప్రతి బుధవారం నేను పాక వైపు వెళ్ళడం మొదలుపెట్టాను. బుధవారం రెండున్నరకి ఆ చెల్లి వీడియో కాల్ చేసేది. అక్కడ సాయంత్రం అయిదట. ఆవిడ నూనె డబ్బాకి ఫోను ఆనించి, బోర్లించిన గంగాళం మీద కూర్చునేది. తెరమీద గుండ్రటి మొహం, వెనకాల కోళ్ళు, ఎవరి పిల్లలో అరుపులు. మొదటి మాట ఎప్పుడూ ఒకటే, "ఆతే, కుమాయిన్ కా నా?" అక్కా, అన్నం తిన్నావా అని.

ఆ అరగంటా ఆవిడ వేరే మనిషి. మాతో మాట్లాడేటప్పుడు ప్రతి మాటకీ అండి తగిలించి, గొంతు తగ్గించి, కొంగు సర్దుకుంటూ మాట్లాడేది. టగాలోగ్‌లో ఆవిడ గట్టిగా నవ్వేది. కేకలేసేది. వేలు చూపించి బెదిరించేది. తొడ చరిచేది. తెలుగులో ఆ మనిషి అలా నవ్వగా నేను వినలేదు. మన మాటలో ఆవిడకి నవ్వడానికి ఏం మిగిల్చామని ఇప్పుడనిపిస్తోంది. నేను కనబడితే ఫోను నా వైపు తిప్పి, మూతితో నన్ను చూపించి ఏదో చెప్పేది. "హలో సర్!" అని ఆ అమ్మాయి చెయ్యూపేది. ఆ అమ్మాయికి ఇంగ్లీషు బాగా వచ్చు. ఆవిడకి ఒక్క ముక్క రాదు. అందుకే వాళ్ళిద్దరి మధ్యా టగాలోగ్.

ఒక బుధవారం కాల్ అయిపోయాక ఫోను కొంగుతో తుడిచి, "మాస్టారూ, మీకు ఇంగ్లీషొచ్చు కదండీ, ఒక మాట" అంది.

"చెప్పండమ్మా."

"నాకేమన్నా అయితే దానికి మీరే చెప్పాలండి. ఆ రోజే చెప్పాలి. రేపు చెప్తాను, ఎల్లుండి చెప్తాను అంటే కుదరదు."

"ఇప్పుడీ మాటలెందుకు?" అని విసుక్కున్నాను. మనం విసుక్కుంటాం కదా, చావు మాటెత్తితే.

"ఎందుకేంటండీ? నాకు జరిగింది దానికి జరక్కూడదు. నేను పోయాక అది నాకు కబుర్లు చెప్పకూడదు. ఒక్క రోజు దాచినా నామీదొట్టే."

"సరే అన్నాను కదా" అన్నాను. నిజానికి అప్పటికి అనలేదు. ఆ తర్వాతే అన్నాను, సరే అని. రెండుసార్లన్నాను.

ఆవిడ పోయిన మంగళవారం సాయంత్రం, కాలవ గట్టున దహనమయ్యి తిరిగొచ్చాక వాళ్ళక్క ఈ ఫోను తెచ్చి నా చేతిలో పెట్టింది. ముసల్ది అయిపోయింది, నడుం వంగింది. ఏడ్చి ఏడ్చి మొహం వాచిపోయింది.

"మాస్టారూ, ఇది మీ దగ్గరుంచండి బాబూ. ఆ పిల్ల ఫోన్ చేస్తది, మాకు మాట రాదు. ఇప్పుడే చెప్పకండేం. పెద్దకర్మ కానివ్వండి. అంత దూరాన ఒక్కత్తీ ఏడుస్తూ కూచుంటది" అంది.

ఒట్టు నాకు గుర్తుంది. ఆకుపచ్చ పరికిణీ గుర్తుంది. గుర్తుండగానే, ఆ నడుం కొలత చెప్పిన మనిషి ఎదురుగానే, నేను తలూపాను. ఎందుకూపావయ్యా అంటే ఏం చెప్పను? ఇలాంటప్పుడు మనం తలూపుతాం. అది మనకి మంచితనం కింద లెక్క.

మర్నాడే బుధవారం. రెండున్నరకి ఫోను మోగింది. స్టాఫ్ రూములో అందరూ నా వంక చూశారు. నేను ఫోను మీద చెయ్యి పెట్టి నొక్కి పట్టుకున్నాను. నాలుగుసార్లు మోగింది. ఆ వారమంతా మెసేజీలు వచ్చాయి. కోడి పొదిగిన పిల్లల ఫోటో. నీళ్ళు నిలిచిన వాకిలి ఫోటో. గొంతు రికార్డులు కొన్ని, వాటిలో రెండు విన్నాను, నవ్వు తప్ప నాకేం అర్థం కాలేదు. పోయిన మనిషికి ఆ అమ్మాయి కబుర్లు చెబుతోంది, నా జేబులో. రెండో బుధవారం ఆరుసార్లు చేసింది. అప్పటికింకా పెద్దకర్మ కాలేదు కదా అని నాకు నేనే చెప్పుకున్నాను. సిగ్గులేదు నాకు.

పెద్దకర్మ అయిపోయింది. దాచుకోడానికి ఇంక వంక మిగల్లేదు. ఒక కాగితం మీద ఇంగ్లీషులో చక్కగా రాసుకున్నాను, తీవ్ర విచారంతో తెలియజేస్తున్నామని, సెలవు చీటీలో రాసినట్టు. మూడో బుధవారం రెండుంబావుకే పాకలోకి వెళ్ళాను. కొత్తగా వచ్చినావిడ వంట ముగించి వెళ్ళిపోయింది. గంగాళం బోర్లించి ఉంది. దానిమీద కూర్చోబుద్ధి కాక నిలబడ్డాను. మోగింది. కెమెరా ఆన్ చెయ్యకుండా ఎత్తాను.

"ఆతే!" అని ఒక్క అరుపు. ఆ తర్వాత గడగడా తిట్లలాంటివి. సంతోషంతో తిట్టే తిట్లు.

"నేను, సర్‌ని" అన్నాను ఇంగ్లీషులో. "స్కూల్ సర్."

ఆగిపోయింది. "ఆతే ఎక్కడ, సర్?"

కాగితం చేతిలోనే ఉంది. ఇంత రాసుకున్నానా, నా నోట్లోంచి వచ్చింది మాత్రం వేరే మాట. "షి ఈజ్ సీరియస్" అన్నాను. "హాస్పిటల్లో ఉంది."

మనలో ఎవరం పోయారని ఫోన్లో చెప్పం. సీరియస్‌గా ఉంది, బయల్దేరు అంటాం. వాళ్ళు బస్సు దిగి, సందు మలుపు తిరిగి, ఇంటి ముందు టెంటూ కుర్చీలూ చూసుకుని తెలుసుకోవాలి. మా నాన్న పోయినప్పుడు కాకినాడలో ఉన్న నాకు అలాగే చెప్పారు. దారంతా ఏ డాక్టరుకి చూపించాలా అని ఆలోచిస్తూ వచ్చాను. మళ్ళీ మా తమ్ముడికి నేనే ఫోన్ చేసి, సీరియస్‌రా, బయల్దేరు అన్నాను. అలవాటు. బయల్దేరి రాలేని మనిషికి కూడా అదే చెప్పాను చూడండి.

ఆ అమ్మాయి మెల్లిగా అడిగింది. "సర్, ఫోను ఆతే చెవి దగ్గర పెట్టగలరా? మాట్లాడక్కర్లేదు. వింటే చాలు."

లేదని చెప్పొచ్చు. అప్పుడైనా చెప్పొచ్చు. "ఓకే" అన్నాను. ఫోను గంగాళం మీద పెట్టాను.

ఆ అమ్మాయి మాట్లాడింది. పది నిమిషాలో పావుగంటో. గొంతు నిదానంగా ఉంది. మధ్యలో ఒకసారి చిన్నగా నవ్వింది. మాటమాటకీ ఆతే, ఆతే. ఆ ఖాళీ పాకలో, మసిపట్టిన గోడల మధ్య, వినే మనిషి లేని మాటలు వింటూ నేను నిలబడ్డాను. నా అంత నీచుడు ఈ జిల్లాలో ఇంకొకడు ఉండడనిపించింది. చివరికి "సర్?" అంది. ఫోను తీసుకున్నాను.

"అమ్మా, ఇందాక నేను చెప్పింది..." అని మొదలుపెట్టాను, ఇంగ్లీషులోనే.

"తెలుసు సర్."

చేతిలో కాగితం నాలుగు మడతలు పెట్టాను.

"మీరు సీరియస్ అన్నప్పుడే తెలిసింది. ఆతే వాళ్ళక్క కూడా ఫోన్లో ఆ మాటే చెప్పింది, పాపకి సీరియస్ అని. అప్పుడు పక్కన నేనే ఉన్నాను. ప్రార్థన చేద్దాం ఆతే, తగ్గిపోతుంది అన్నాను. మా ఊళ్ళో ఆ మాటంటే అయిపోయిందనే, అంది ఆతే. అందుకే ఇప్పుడు వీడ్కోలు చెప్పుకున్నాను." ఆ తర్వాత, "ఎప్పుడు సర్?" అంది.

"పదహారు రోజులైంది."

"నేను ఫోన్ చేశాను."

"అవును."

"చాలాసార్లు చేశాను సర్."

"ఫోను నా చేతిలోనే ఉంది" అన్నాను. ఆ ఒక్కటీ అబద్ధం చెప్పలేదు. తర్వాత ఏం చెయ్యాలో తోచక, చేతిలో కాగితం విప్పి చదవడం మొదలుపెట్టాను, తీవ్ర విచారంతో అంటూ.

"వద్దు సర్" అంది. "ఇంగ్లీషు వద్దు. మా మేడమ్ నాతో ఇంగ్లీషే మాట్లాడేది. ఏజెన్సీ వాళ్ళూ అదే. ఆతే మాటలో చెప్పండి. నాకు అర్థం కాకపోయినా ఫర్వాలేదు. మీ మనిషికి మీ ఇంట్లో ఎలా చెబుతారో అలా చెప్పండి."

ముప్ఫై ఏళ్ళు గొంతు చించుకుని పాఠాలు చెప్పినవాణ్ణి. మా ఇంట్లో మేం అసలు చెప్పం కదమ్మా అని ఆ అమ్మాయికి ఎలా చెప్పను? గంగాళం మీద కూలబడ్డాను.

"పోయిందమ్మా" అన్నాను. "మీ అక్క పోయింది. మంగళవారం పొద్దున నిద్రలోనే పోయింది. నీకు ఆ రోజే చెప్పమంది తల్లీ. ఒట్టేయించుకుంది. నేను చెప్పలేదు. తప్పు నాదే. పోయిందమ్మా, మీ అక్క లేదు."

మా నాన్న పోయినప్పుడు కూడా నేనలా ఏడవలేదు. అటు ఆ అమ్మాయి బావురుమంది. ఏడుస్తూ ఏదో చెప్పడం మొదలుపెట్టింది, వాళ్ళ మాటలో. నన్ను తిడుతోందో, అక్కని తలుచుకుంటోందో, ఒక్క ముక్క అర్థం కాలేదు. ఆగినప్పుడల్లా నేను "ఊఁ" అన్నాను. మళ్ళీ చెప్పేది. బడి వదిలిన గంట కొట్టారు. పిల్లలు సంచులు ఊపుకుంటూ పాక ముందునుంచి పరిగెత్తారు. ఆ అమ్మాయి చెబుతూనే ఉంది, నేను ఊఁ కొడుతూనే ఉన్నాను.